అప్ప చెవికి నచ్చిన కార్డు

పాత కంప్యూటర్ మూత విప్పినప్పుడు ఒక వాసన వస్తుంది. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ పేరుకున్న దుమ్ము, టంకం, కాలీ కాలని ప్లాస్టిక్ అన్నీ కలిసిన వాసన. మా అరకులో అయితే దానికి వానాకాలపు చెమ్మ కూడా తోడవుతుంది. ఈ మూతలు విప్పడమే నా బతుకుతెరువు కనుక ముక్కు దానికి అలవాటు పడిపోయింది. కానీ మొన్న ఒక కాఫీ గోదాములో మూలపడేసిన యంత్రాన్ని విప్పితే లోపల పొడవాటి సౌండ్ కార్డు కనబడింది. నల్లటి గాడిలో నిటారుగా, ఎవరో నిలబెట్టి మరిచిపోయినట్టు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే చుట్టూ ఆరబోసిన కాఫీ గింజల పులిసిన తీపి వాసన ఎటో పోయి, నేను మా అప్ప పక్కన బల్ల మీద కూర్చున్న పిల్లాణ్ణయిపోయాను.

మా ఊరు డుంబ్రిగుడకు అవతల కొండవాలులో ఉండేది. వానలు వెనకబట్టి వలిసె పూసే రోజుల్లో వాలంతా పసుపు రాసుకున్నట్టు మెరిసేది. పొద్దున్నే మంచు ఎంత దట్టంగా దిగేదంటే పక్కింటి పొయ్యి పొగ ఏదో, మంచు ఏదో తెలిసేది కాదు. ఆ మంచులో నానమ్మ సొరకాయ బుర్రలోంచి చోడి అంబలి వంచుతుంటే గుబగుబమనే చప్పుడు మాత్రం ఊరవతలి దాకా వినబడేదనిపించేది. సంతరోజు అమ్మ అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని వెళ్లి, వచ్చేటప్పుడు కొంగులో బెల్లం జీళ్లు మూటగట్టుకొచ్చేది. మామిడికొత్త జరిగేదాకా చెట్టుకింద కాయ రాలినా ముట్టకూడదు. ఆ పండగనాడు దేవతకు పెట్టి, పుల్లటి ముక్కలు ఉప్పుతో మా దోసిట్లో పోస్తే, అందరం ఒక కన్ను మూసుకుని తినేవాళ్లం.

అప్ప అంటే మా అక్క. బుధవారం పుట్టింది కాబట్టి బుద్రి. దానికి చిన్నప్పటి నుంచీ రేచీకటి. పొద్దుగూకితే నా భుజం పట్టుకుని నడిచేది. విశాఖపట్నంలో చూపిస్తే దీనికి మందు లేదు, చూపు మెల్లగా తగ్గిపోతుందన్నారు. హైస్కూలుకు వచ్చేసరికి వెదురుగొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కొంచెం కనబడేది, అంతే. అయినా దాగుడుమూతల్లో దాన్నుంచి ఎవరూ తప్పించుకోలేకపోయేవారు. గడ్డివాము వెనక ఊపిరి బిగబట్టి కూర్చున్నా నేరుగా వచ్చి జుట్టు పట్టుకునేది. గంట చప్పుడు విని ఎవరి ఆవో చెప్పేది, పనసకాయ పడిన దబ్బుమన్న మోతను బట్టి ఏ చెట్టుదో చెప్పేది. నానమ్మ మురిసిపోయి, "ఈ గుంటకి దేవుడు కళ్లు తీసి సెవుల్లో ఎట్టినాడే," అనేది.

అమ్మ తమ్ముడు, మా మావ, అరకులో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని టైపూ కంప్యూటరూ నేర్పేవాడు. ఆదివారం పాఠాలుండవు కనుక మమ్మల్ని రానిచ్చేవాడు. ఆ గదిలో ఒక పాత కంప్యూటరూ, దాంట్లో కొన్ని డాస్ ఆటలూ ఉండేవి. నల్లటి తెర మీద ఆట పేరు కొట్టి ఎంటర్ నొక్కితే మొదలయ్యేవి. అన్నిట్లోకీ మేం చీకటికోట అని పిలుచుకున్న ఆటంటే ప్రాణం. కోటలో గదులు, గదుల్లో దెయ్యాలు, ఎక్కడో ఒక తాళంచెవి. కనబడేది తక్కువ, వినబడేది ఎక్కువ. కుడివైపు నీటిచుక్క పడుతుంది, ఎడంవైపు తలుపు కిర్రుమంటుంది, దెయ్యం వెనకనుంచి వస్తుంటే సన్నగా ఊపిరి వినిపిస్తుంది. మేమంతా కళ్లు చించుకుని తెరలోకి చూస్తూ మూడో గదిలోనే చచ్చిపోయేవాళ్లం. అప్ప చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కళ్లు మూసుకుని, సొంత పెరట్లో తిరిగినట్టు తిరిగి వచ్చేది. హాస్టలు పిల్లలు కిటికీ ఊచలకు వేలాడి చూసేవారు. బళ్లో నల్లబల్ల మీది అక్షరం కనబడక వెనకబడిపోయిన పిల్ల, ఆ గదిలో మాత్రం రాణి.

ఒక వేసవి సాయంత్రం పిడుగు పడి ఆ కంప్యూటర్ మాడిపోయింది. మావ తంటాలుపడి కొత్తది తెచ్చాడు. దాంట్లో సినిమా పాటలొచ్చేవి, తెర నిండా రంగులే. మేం గంతులేశాం. మావ పాత ఫ్లాపీల్లోంచి చీకటికోటను దాంట్లోకి ఎక్కించి అప్పను కూర్చోబెట్టాడు. తెర మీద కోట కనబడింది. అప్ప మీటలు నొక్కింది, ఆగింది, తల అటూ ఇటూ తిప్పింది, హెడ్‌ఫోన్స్ తీసి మళ్లీ పెట్టుకుంది.

"ఏటి మావా, కోటేటి సచ్చిపోనాదా?" అంది.

ఆ మాట అన్నప్పటి దాని గొంతు నేను మరిచిపోలేదు. ఆ తరవాతి ఆదివారాలు అది మాతో అరకు రాలేదు. ఇంట్లో గుమ్మం దగ్గర కూర్చుని సామలు చెరుగుతూ ఉండేది. మేం ఆట సంగతులు మాట్లాడుకుంటే లేచి లోపలికి వెళ్లిపోయేది.

మావ ఊరుకోలేదు. తెలిసినవాళ్లందరినీ అడిగి, కోట ఎందుకు మూగబోయిందో తెలుసుకున్నాడు. కొత్త ఆటలు చప్పుడు కావాలంటే విండోస్‌ని అడుగుతాయి, అది చూసుకుంటుంది. పాత డాస్ ఆటలు ఎవరినీ అడగవు, సౌండ్ కార్డు ఉండాల్సిన చోటికి నేరుగా వెళ్లి తలుపు తడతాయి. కొత్త కంప్యూటర్‌లో ఆ చోట ఎవరూ లేరు. మావ మూత విప్పి చూస్తే, పొట్టి తెల్లటి గాడుల చివర పొడవాటి నల్లటి గాడి ఒకటి మిగిలి ఉంది. పాతకాలం కార్డు పట్టే గాడి అదే. "ఏ కార్డు కొనాలో నాను సెప్పలేను. బుద్రే సెప్పాల," అన్నాడు.

అలా కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, గోనెసంచిలో పెట్టి, మావా అప్పా నేనూ విశాఖ రైలెక్కాం. సొరంగాల్లోకి వెళ్లినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టేవారు, అప్ప మాత్రం గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే ఆ కేకల్నే చెవి ఒగ్గి వింటూ కూర్చుంది. డాబాగార్డెన్స్ సందులో ఒక దుకాణానికి వెళ్లాం. అక్కడి పెద్దాయన మంచివాడు, గోనెసంచిలోంచి కంప్యూటర్ బయటికొస్తే నవ్వాడు గానీ బల్లమీద చోటిచ్చాడు. పక్కనున్న కొనుగోలుదారు ఒకాయన అప్ప తడుముకుంటూ కుర్చీ వెతుక్కోవడం చూసి, "కళ్లు కనబడని పిల్లకి వీడియోగేములెందుకండీ పాపం," అన్నాడు. మావ ముఖం కందిపోయింది. అప్ప ఆ మాట రాని వైపుకు తల తిప్పుకుంది.

మొదట దుకాణందారు తళతళలాడే కొత్త కార్డు పెట్టాడు, పొట్టి గాడిలో పట్టేది. పాత ఆటలకూ పనిచేస్తుందని ఒక చిన్న ప్రోగ్రాం కూడా ఎక్కించాడు. చప్పుడు వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. అప్ప నాలుగడుగులు వేసి ఆపేసింది. "అడుగు ఎనక్కి పడతంది మావా. నాను నొక్కీసినాక ఎప్పుడో ఇనబడతంది," అంది. మాకెవరికీ ఆ తేడా తెలియలేదు.

తరవాత పొడవాటి పాత కార్డు పెట్టాడు. ఈసారి అడుగు అడుగుతోపాటే పడింది, కుడి చప్పుడు కుడికీ ఎడమది ఎడమకీ వచ్చింది. మావ హమ్మయ్య అనుకున్నాడు. తిరుగు బస్సుకు టైమైపోతోంది, "ఇది సాల్లేయే, బేగి ఎల్లిపోదాం," అన్నాడు. అప్ప హెడ్‌ఫోన్స్ తీయలేదు.

"దీనెనకాల ఈల ఇనబడతంది మావా. సన్నగా సుర్రుమంటంది."

"ఏ కార్డుకైనా కొంచెం ఉంటుందమ్మా, పట్టించుకోకూడదు," అన్నాడు దుకాణందారు.

"నేదండీ. ఆ ఈల ఎనకాల దెయ్యం దాక్కుంటాది. దాని ఊపిరి నాకు ఇనబడదు. మీకు కళ్లున్నాయి, సూసుకుంటారు."

 పెద్దాయన కాసేపు అప్ప వైపు చూసి, నిచ్చెన వేయించుకుని తనే అటక ఎక్కి, దుమ్ము కొట్టుకుపోయిన పెట్టె దింపాడు. అందులోంచి తీసిన కార్డు మీద చిన్న చిన్న టోపీల్లాంటివి ఉన్నాయి, వాటిని అటూ ఇటూ మార్చి కార్డుకు నంబరు పెట్టాలి. మొదటిసారి పెట్టిన నంబరు ప్రింటరుది కూడా కావడంతో ఆట బిగుసుకుపోయింది. టోపీ మార్చి మళ్లీ మొదలుపెట్టారు.

అప్ప కళ్లు మూసుకుంది. నడిచింది, ఆగింది, గోడవారగా జరిగింది. ఒకచోట ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చుంటే తెర మీద దెయ్యం దాని పక్కనుంచే వెళ్లిపోయింది. పని ఆపి ఒకరొకరే వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. ఇందాకటి కొనుగోలుదారు కూడా వచ్చాడు. మూడో గది దాటింది, మెట్లు దిగింది, మాలో ఎవరమూ చూడని నేలమాళిగలోకి వెళ్లింది. తాళంచెవి దొరికిన గంట మోగింది. అప్ప కళ్లు తెరిచి, హెడ్‌ఫోన్స్ మెళ్లోకి జార్చుకుని, "ఇది ఇయ్యండి," అంది, సంతలో సొరకాయ ఏరుకున్నంత మామూలుగా.

 మేం వెళ్లేటప్పుడు ఆ కొనుగోలుదారు గోనెసంచి ఒక చివర తనే పట్టుకుని రోడ్డు దాకా మోసుకొచ్చాడు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. మావ స్టాండులో మాకు ఇడ్లీలు పెట్టించి, ఎదురుపడ్డ వాళ్లందరికీ, "మా మేనగోడలండి," అని ఊరికే చెబుతూ తిరిగాడు.

అవన్నీ ఇప్పుడు లేవు. మావ గది ఉన్న చోట ఒక రిసార్టు కార్లు ఆపుకుంటోంది. ఇప్పటి కంప్యూటర్లలో నల్ల గాడి కాదు కదా, దాని గుర్తు కూడా లేదు. పాత ఆట ఆడాలంటే పాత యంత్రంలా నటించే ఒక ప్రోగ్రాం ఉంది, ఏ సౌండ్ కార్డు కావాలో అందులో ఎంచుకుంటే సరిపోతుంది. ఎవరూ నిచ్చెన ఎక్కక్కర్లేదు. వలిసె పూలను సెల్ఫీల కోసం తొక్కేస్తున్నారు. అన్నిటికన్నా ఎక్కువగా పోయింది మా లోయ నిశ్శబ్దం. రాత్రయితే గుడారాల దగ్గర డీజేలు, పగలంతా ఘాటు రోడ్డు హారన్లు.

అప్ప ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీచరు. దానికి చూపు పూర్తిగా పోయి చాలాకాలమైంది. మొన్న వాళ్ల బడి కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్లినప్పుడు, వరండాలో పిల్లలందర్నీ కళ్లు మూసుకోమని, ఏం వినబడుతోందో చెప్పమంటోంది. బస్సు అన్నారు, మైకు అన్నారు, ఎవరిదో ఫోను అన్నారు. అప్ప ఒక్కొక్కదానికీ తలూపుతూ, ఇంకా, ఇంకా అంటోంది. చివరికి వెనక వరసలోంచి ఒక గుంట మెల్లగా లేచి, "అవతల గెడ్డ పారతంది టీచర్," అంది. నాకు వినబడలేదు. అప్ప ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఇలా రాయే," అని ఆ పిల్లను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టింది.