పొయ్యి దగ్గరి నలుగురు

రంపపు పొట్టు నుంచి నూనె తీసే ఆ ఫ్యాక్టరీలో అతన్ని ఫిట్టరుగా చేర్పించింది బావే, అంటే అక్క మొగుడు. బావ అక్కడ పొయ్యి మనిషి. పొట్టు తడిగా వచ్చేది. దాన్ని ఆరబెట్టడానికి బావా, మరో ముగ్గురూ వంతులవారీగా కట్టెలు ఎగదోస్తుండేవారు. ఆరిన పొట్టును గాలి చొరకుండా మూసిన డ్రమ్ములో వేడిచేస్తే ఆవిరి లేచేది, అది చల్లబడి నల్లటి నూనెగా దిగేది. చల్లబడని గ్యాసును మాత్రం గొట్టం చివర మండించి వదిలేసేవారు.

ఫిట్టరుకు ఆ మంట చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

"రెండు పీపాల నూనె కోసం ఒక పీపా నూనె విలువ చేసే కట్టెలు తగలేస్తున్నాం. పైనేమో ఇంత మంట గాల్లో కలిసిపోతోంది సార్," అన్నాడు ఇంజినీరుతో.

"నీకెందుకయ్యా," అని ఇంజినీరు కొట్టిపారేశాడు.

అతను ఊరుకోలేదు. ఆ గ్యాసును పొట్టు ఆరబెట్టే చోటికి మళ్ళించాలని పాత గొట్టాలు ఏరుకొచ్చి, భోజనం వేళల్లో అతుకులు వేస్తూ ఏడు నెలలు తంటాలు పడ్డాడు. ఒకసారి మంట వెనక్కి తన్ని ఎడమ చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది.

"నీ పిచ్చి తగలెయ్య! చేతులుంటే కదరా పని," అని తిడుతూనే బావ కట్టు కట్టాడు. ఆ చెయ్యి మానేదాకా గొట్టాలు పట్టుకుని నిలబడింది కూడా ఆయనే.

చివరికి వృథాగా పోయే గ్యాసే పొట్టును ఆరబెట్టింది. కట్టెల అవసరం తీరిపోయింది. యజమాని అందరి ముందూ ఫిట్టరు భుజం తట్టాడు. ఆ సోమవారమే పొయ్యి దగ్గరి నలుగురినీ పనిలోకి రావద్దన్నారు.

ఫిట్టరు యజమాని గదికి పరుగెత్తాడు. "మా బావనైనా ఉంచండి సార్. ఏ పని చెప్పినా చేస్తాడు."

"పొయ్యే లేదు కదయ్యా. ఆర్పింది నువ్వేగా," అన్నాడు యజమాని, మెచ్చుకోలుగానే.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ గుమ్మంలో కూర్చుని బూట్లకు అంటిన బూడిద దులుపుతున్నాడు.

"ఇలా అవుతుందని తెలీదు బావా."

"నాకు తెలుసు. గొట్టం పట్టుకున్న రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మానేసేవాడివా?"

ఫిట్టరు పక్కన కూర్చుని రెండో బూటు అందుకున్నాడు.

బావ రాళ్ళు పిండి చేసే మిల్లులో చేరాడు. ఆ దుమ్ముకు రెండేళ్ళలోనే ఊపిరితిత్తులు పాడై, మంచం పట్టి చనిపోయాడు. అక్క తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఫిట్టరు భార్యతో చాలాసార్లు అన్నాడు.