హెలికాప్టర్ లేని క్లైమాక్స్

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో కథ లేనివాడు ఉండేవాడు కాదు, వినేవాడే దొరికేవాడు కాదు. నేను లా పూర్తిచేసి, కోర్టు మెట్లెక్కాల్సినవాణ్ణి జూబిలీహిల్స్ కొండెక్కాను. రహమత్ నగర్‌లో ఒక గది, కొండ మీద ఒక దర్శకుడిగారి దగ్గర సహాయ రచయిత ఉద్యోగం. గురువుగారు నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ‘లాయరూ’ అనేవారు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో నాకు ఇప్పటికీ తేలలేదు. అప్పుడు రాస్తున్న సినిమాతో తెరమీద నా పేరు విడిగా పడుతుందని ఇంటికి చెప్పేశాను. (మా అమ్మ ఊరంతా చెప్పేసింది.)

ఆ సినిమా కథలో మన ఊళ్ళో బాంబు పెట్టించినవాడు విదేశం పారిపోతాడు. పోలీసాఫీసరైన హీరో వాణ్ణి హెలికాప్టర్‌కు వేలాడదీసి తెచ్చి, కాళ్ళు నేల తాకకముందే కాల్చేస్తాడు. గెస్ట్‌హౌస్‌లో పెసరట్లు తింటూ ఈ క్లైమాక్స్ విని అందరూ అదిరిందన్నారు. నేను నోరు మూసుకుని తినొచ్చుగా? “అలా కుదరదు సార్, రెండు దేశాల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందం ఉంటుంది. పద్ధతిగా అడగాలి” అన్నాను. గురువుగారు అల్లంపచ్చడి వేలు నాకుతూ, “అయితే నువ్వే రాయి లాయరూ. హీరోగారికి నువ్వే చెప్పు. ఆయన ఊఁ అంటే అదే తీద్దాం, నీ పేరు విడిగా వేస్తా. లేదంటే హెలికాప్టరే” అన్నారు.

మా దగ్గర కథ చెప్పడమంటే చదవడం కాదు. నటించాలి, నేపథ్య సంగీతం కూడా నోటితోనే వాయించాలి. హీరోగారి సోఫా ముందు నిలబడి విజృంభించాను. “డడడాం! విదేశీ జడ్జి కళ్ళజోడు తీశాడు. ఈ పని రెండు దేశాల్లోనూ నేరమేనా? డడాం! నేరమే!” హీరోగారు మర్యాదస్తులు. “అప్పుడు నేనేం చేస్తుంటానండీ?” అన్నారు. “బయట బెంచీ మీద కూర్చుని ఉంటారండీ.” “ఎంతసేపు?” “నెలలు పట్టొచ్చండీ. పైగా అక్కడ ఉరిశిక్ష లేదు కాబట్టి, ఉరి వేయబోమని మన ప్రభుత్వం వాళ్ళకు హామీ ఇవ్వాలి.” “ఇంటర్వెల్లో వాణ్ణి ఉరికంబం ఎక్కిస్తానని శపథం చేశాను కదా?” “వెనక్కి తీసుకోవాలండీ.” “పోనీ, హీరోయిన్‌ని ఎత్తుకెళ్ళిన కేసు?” “దేనికి అప్పగించారో దానికే విచారించాలండీ. ఆ కేసు మనం అడగలేదు.” గురువుగారు ఫ్యాను రెక్కలు చూస్తూ ఉండిపోయారు. హీరోగారు లేచి నా భుజం తట్టి, “చాలా కష్టపడ్డారండీ” అన్నారు. సినిమావాళ్ళ భాషలో అంతకన్నా పెద్ద తిరస్కారం లేదు.

మొహం వేలాడేసుకుని బయటికొస్తే గుమ్మం దగ్గర మా ప్రొడక్షన్ మేనేజర్ నిలబడి ఉన్నాడు. మోతీనగర్ మనిషి, అందరికీ మేనేజరన్న. కథలు వినే అలవాటే లేదు, నాది మాత్రం మొత్తం విన్నాడట. “తమ్మీ, గిట్ల అడిగితే గా దేశపోళ్ళు నిజంగ పంపుతరా?” అన్నాడు. “పద్ధతిగా అడిగితే పంపుతారన్నా.” “ఉరి వెయ్యకుంటే మరి?” “జైల్లో ఉంటాడు. కానీ ముందు బోనులో నిలబడి సాక్షులు చెప్పేదంతా వినాలి.” “మా చిన్న తమ్ముడు అసలు బాంబులనే పోయిండు, పెట్టినోడు గిట్లనే బయటి దేశంల ఉన్నడు. వాన్ని తోలుకొస్తే మా అమ్మ పోయి, ఎదురుంగ నిలవడి చెప్పొచ్చన్నట్టు” అన్నాడు. అంతసేపూ నేను నా పేరు గురించే ఆలోచిస్తున్నాను.

సినిమా హెలికాప్టర్‌తోనే వచ్చింది. మొదటి ఆట మేనేజరన్న పక్కనే కూర్చుని చూశాను. నా పేరు పదిమంది సహాయకుల మధ్య ఇరుక్కుపోయింది. (మా అమ్మ రెండుసార్లు చూసినా దొరకలేదట.) విలన్ గాల్లో వేలాడుతూ రాగానే కాగితాలు ఎగిరాయి, ఈలలతో హాలు దద్దరిల్లింది. సిగ్గు విడిచి నేనూ ఈల వేశాను. హీరో కాల్చేశాడు, లైట్లు వెలిగాయి, జనం లేచారు. మేనేజరన్న మాత్రం లేవలేదు.

“గిట్ల సంపేస్తే మా అమ్మ ఎవలకు చెప్పాలె? నీదే పెట్టాల్సుండె తమ్మీ” అన్నాడు.

కుర్చీ చెయ్యి గీరుతూ కూర్చున్నాను. పేరు విడిగా పడలేదని మొహం ముడుచుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు రాసిన క్లైమాక్స్ నచ్చినవాడు హాలు మొత్తంలో ఒక్కడు, వాడి పక్క సీట్లోనే ఉన్నాడు.