బుగులు

ఐటీ కారిడార్‌లో రెండు ఆఫీసు భవనాలను కలిపే నడక వంతెన కిందికి వెళ్తే నా చెయ్యి ఊరుకోదు. దాన్ని మోసే గుండ్రటి ఉక్కు స్తంభాన్ని ఉంగరంతో తడతాను. లోపల డొల్ల కాబట్టి ఖంగుమంటుంది. ఆ మోత వింటే ఇప్పటికీ సుగుణ మేడమ్ గుర్తొస్తారు.

కట్టడాల లెక్కలు చేసే మా చిన్న కంపెనీలో ఆవిడ నా మొదటి బాసు. పొద్దున్నే నా బల్ల దగ్గర ఆగి, "బుగులున్నదా బిడ్డా?" అనేవారు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన నాకు ఆ మాట తెలియదు. ఏదో ఫైలనుకుని, "ఇంకా రాలేదండి" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వారు. "బుగులంటే భయం. అది రానిదే లెక్క ముట్టకు." నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ స్తంభాల లెక్క ఆవిడే కట్టారు. గొట్టం బయటి వ్యాసంలోంచి లోపలి వ్యాసం తీసేస్తే వచ్చేది రెండు వైపుల గోడల మందం. అందులో సగం ఒక గోడది. తొందర మీద డ్రాయింగు వర్క్‌షాపుకు పంపేసి, నకలు నాకిచ్చి సరిచూడమన్నారు. నాకు వచ్చిన మందంలో సగమే అందులో ఉంది. మళ్లీ మళ్లీ కట్టాను. అంత అనుభవం ఉన్నావిడకు నేను చెప్పడమా? అక్కడేమో గొట్టాలు కోస్తున్నారు. చెబితే నా ఉద్యోగం, చెప్పకపోతే వంతెన. నకలు పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాను.

"మేడమ్, సగం చేసినదాన్నే మళ్లీ సగం చేసినట్టున్నామండి." 'చేశారు' అనడానికి నోరు రాలేదు.

ఆవిడ నిలబడే లెక్క కట్టారు. అందరూ వింటుండగానే వర్క్‌షాపుకు ఫోన్ చేశారు. "కోసుడు ఆపుండ్రి. గోడ మందం తప్పు పడ్డది. తప్పు నాదే." తర్వాత క్లయింటు నానా మాటలూ అన్నాడు. తలవంచుకుని విన్నారు గానీ, తొందరపెట్టింది అతనేనని కూడా అనలేదు.

సాయంత్రం టీ తాగుతూ, "ఈసారి నాకు బుగులు కాలే బిడ్డా. అలవాటైపోయింది. గదే కొంప ముంచేది" అన్నారు. "నీ బుగులు పోయిందా ఇగ?"

"లేదండి, ఇంకా ఉంది."

"ఉండనీ. మీద నడిచేటోళ్లకు ఉండొద్దంటే మనకుండాలె."

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు డ్రాయింగులు నా సంతకంతో వెళ్తున్నాయి, ఇవాళ కూడా ఒకటి వెళ్లాలి. తలెత్తి చూస్తే, వంతెన మీద జనం ఫోన్లు చూసుకుంటూ నిశ్చింతగా నడిచిపోతున్నారు. ఆఫీసుకొచ్చి, సంతకం పెట్టబోయిన డ్రాయింగు మళ్లీ మొదటి నుంచి తెరిచాను.

వచ్చిందండి, మేడమ్.