చెత్తబుట్టలో పుట్టు వెంట్రుకలు

అమెరికాలో నా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయాక బార్బర్ స్కూల్లో చేరతానంటే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "సరే, కానీ మావాళ్లకి మాత్రం ఇంకా టెస్టింగే చేస్తున్నావని చెప్తా" అంది.

లైసెన్సు వచ్చింది. అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఒక సెలూన్‌వాళ్లు ఒక్కరోజు ట్రయల్ ఇచ్చారు. ఓనరమ్మ అమెరికన్, మహా స్ట్రిక్టు. కటింగ్ అయిన మరుక్షణం నేల ఊడ్చెయ్యాలి, ఒక్క కస్టమర్ కంప్లయింట్ చేసినా మర్నాడు రానక్కర్లేదు అని మొహం మీదే చెప్పింది. ఎనిమిది నెలలు ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాణ్ణి, ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకే తెలుసు.

పొద్దున్నే ఒక తెల్లజుట్టు పెద్దాయన, ఆయన తర్వాత ఒక ఎర్రజుట్టు ప్లంబర్. ఇద్దరూ సంతోషంగా వెళ్లారు. ఆ తర్వాత మనవాళ్లే వచ్చారు: ఏడాది పాప, వాళ్లమ్మ, ఇండియా నుంచి వచ్చిన బామ్మ.

"పుట్టు వెంట్రుకలు బాబూ. మూట కట్టి తీసుకెళ్లి తిరుపతి హుండీలో వెయ్యాలి. ఒక్కటీ పోకూడదు సుమా!" అంది బామ్మ.

"అయ్యో, నాకు చెప్పాలా బామ్మగారూ!" అన్నాను పెద్ద పోజు కొట్టి.

గుండు బ్రహ్మాండంగా వచ్చింది. పాప ఏడవను కూడా లేదు. ఇంతలో ఓనరమ్మ ఇటు చూసింది. అంతే, నా చెయ్యి దానంతటదే చీపురందుకుని, సర్రున ఊడ్చి, చెత్తబుట్టలో పోసేసింది. వెనక్కి తిరిగితే బామ్మ పసుపు రాసిన తెల్లగుడ్డ పరిచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఓరి నీ చేతులు పడిపోనూ!"

సిగ్గుతో చచ్చిపోయాను. బుట్ట బోర్లించి, మోకాళ్ల మీద కూర్చుని నల్లవి ఏరడం మొదలుపెట్టాను. బామ్మ కూడా పక్కనే చతికిలబడి, బియ్యంలో రాళ్లేరినట్టు ఏరసాగింది. ఓనరమ్మ అడుగులు దగ్గరవుతున్నాయి. స్వామీ, ఈ ఉద్యోగం నిలబెట్టు, నా జుట్టు కూడా నీకే అని మొక్కేశాను.

బామ్మ ఒక ఎర్ర వెంట్రుక ఎత్తి చూపింది. "ఇదెవరిది?"

"ప్లంబర్‌ది."

"ఈ తెల్లవో?"

"పెద్దాయనవి. రిటైరయ్యాట్ట."

బామ్మ అన్నీ కలిపి గుడ్డలో పోసి ముడేసింది. "పోనీలే, వాళ్లకి మాత్రం పుణ్యం వద్దా?"

ఏం జరుగుతోందని ఓనరమ్మ అడిగింది. పాప తల్లి మొక్కు సంగతంతా ఇంగ్లీషులో చెప్పింది. బామ్మ నా గడ్డం పుణికి, "వెరీ గుడ్ బాయ్" అంది. ఓనరమ్మ నన్ను ఎగాదిగా చూసి, రేపు తొమ్మిదికి రమ్మంది.

మొక్కు తీర్చాలి కదా. బామ్మ మూటతోపాటే నాదీ పంపేద్దామని, మర్నాడు కుర్చీలో కూర్చుని, నాకూ మొక్కుందని చెప్పి గుండు గియ్యమని ఓనరమ్మనే అడిగాను. బోడిగుండు బార్బర్ దగ్గరికి ఎవడొస్తాడని గొణుగుతూనే గీసింది. మిషన్ ఆపి చీపురందుకుంది. నేను కుర్చీలోంచి సగం లేచాను.

రెండడుగులు వేసి ఆగింది. చీపురు గోడకి ఆనించి, డ్రాయర్‌లోంచి ఒక జిప్ కవరు తీసి, నేల మీద మోకాళ్లూని ఏరడం మొదలుపెట్టింది.