మూడో నంబరు నుంచి వచ్చిన దరఖాస్తు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల మోత మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఆ మోతలో దయ్యం వచ్చి అరిచినా వినిపించదని మా నాయన నవ్వేవాడు. అయినా ఇది రాస్తున్నానంటే, జరిగినదానికన్నా నేను చేసిన పని లోపల ఎక్కువ తొలుస్తోంది కాబట్టి.

పెళ్లయ్యాక కోరుట్ల బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. నాలుగు కంప్యూటర్లు, ఒకటే ప్రింటర్. దాని వైరు నా కంప్యూటర్‌కే ఉండేది. మిగతా మూడూ నెట్‌వర్క్‌లో నా దాని ద్వారానే ప్రింట్ తీసుకునేవి. ఏ కాగితం ఏ కంప్యూటర్ నుంచి వస్తుందో నా స్క్రీన్ మీద పేరుతో సహా కనిపించేది. నేను ఆపితే ఆగేది, తీసేస్తే పోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మల్లాపూర్ దిక్కు నుంచి రాజమణి అనే ఆమె వచ్చింది. ఆమె భర్త నర్సయ్య తాళ్లు గీసేవాడు. చెట్లు కల్లు ఇవ్వక, అప్పులు తీరక, విజిట్ వీసా మీద గల్ఫ్‌కు పోయాడు. మూడు నెలలుగా ఫోన్ లేదు. తెల్లారి సోమవారం జగిత్యాలలో కలెక్టర్‌కు ఇవ్వడానికి దరఖాస్తు కావాలంది. ఆమె చెబుతుంటే టైపు చేశాను. పంపిన ఏజెంటు పేరు కూడా రాశాను. నర్సయ్య ఇప్పుడున్న చిరునామా ఆమెకు తెలియదు. అక్కడ చుక్కలు పెట్టి ప్రింట్‌కు పంపాను.

సరిగ్గా అప్పుడే ఆ ఏజెంటు లోపలికి వచ్చాడు.

నా గిరాకీలో సగం ఆయన తెచ్చేదే. అది పక్కన పెట్టినా, మా తమ్ముడి పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది. సిరిసిల్లలో సాంచాలు బందై వాడు నాలుగు నెలలుగా ఖాళీ. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు. వాడు ఏం చేసుకుంటాడోనని మా అమ్మ తలుపు గడియ ఊడదీయించింది. వీసా వచ్చిందని ఏజెంటు చెప్పిన రోజే వాడు కడుపునిండా తిన్నాడు.

దరఖాస్తును ప్రింట్ వరుసలోంచి తీసేశాను. ప్రింటర్ ఖరాబైంది, రేపు పొద్దుగాల రమ్మని రాజమణికి చెప్పాను. ఆమె ఏజెంటును చూసింది, అడిగి అడిగి అలిసిపోయిందేమో, సంచి తీసుకుని లేచింది. ఆమె మెట్లు దిగకముందే ఏజెంటుకు టికెట్ ప్రింట్ తీసిచ్చాను. ఆ చప్పుడు ఆమెకు వినబడే ఉంటుంది.

తెల్లారి తొమ్మిదికి షాపు తెరిచాను. ఏజెంటు ఇంకో టికెట్ కోసం వచ్చి కూర్చున్నాడు. నా కంప్యూటర్ ఒక్కటే ఆన్ చేసి ఉంది. నేను ఇంకా ఏ ప్రింటూ ఇవ్వలేదు. ప్రింటర్ దానంతటదే కదిలింది.

స్క్రీన్ చూశాను. రాజమణి దరఖాస్తు. పంపింది మూడో నంబరు కంప్యూటర్. మూడో నంబరు సీపీయూ వారం రోజులుగా కరీంనగర్‌లో రిపేరులో ఉంది. బల్ల మీద మానిటర్ ఉంది, వైర్లు చుట్టి కట్టేసి ఉన్నాయి.

కాగితం తీసి చూస్తే చుక్కలున్న చోట అక్షరాలున్నాయి. ఒక ఊరి పేరు, దాని కింద 'కూరగాయల మార్కెట్ వెనక, పచ్చ గేటు, రేకుల షెడ్డు, పదకొండో రూము'. రెండుసార్లు చదివాను. మా షాపులో తెలుగు టైపు నాకొక్కదానికే వచ్చు.

ఏజెంటు నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. ముఖంలో రంగు మారింది.

"గీ అడ్రస్ నీకెవలిచ్చిండ్రు?" అని మెల్లగా అడిగాడు.

నాకు తెలియదన్నాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "తమ్మునిది వచ్చే వారమే ఫ్లైటు, చెల్లె" అని చెప్పి వెళ్లిపోయాడు. నా నోరు మూయించడానికి ఇంకేం చెప్పాలి?

పావుగంటకు రాజమణి వచ్చింది. ఫైలు తెరిస్తే చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. అడ్రసు నాకు నోటికి వచ్చేసింది, టైపు చేయడానికి నిమిషం చాలు. దయ్యాలు లేవన్న నమ్మకం అప్పుడు నాకు బాగా పనికొచ్చింది. ఇదేదో మిషన్ తప్పు, తలాతోకా లేని మాట పట్టుకుని పాపం ఆమెనెందుకు తిప్పాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చుక్కలతోనే ప్రింట్ తీసి చేతిలో పెట్టాను. పైసలు వద్దన్నాను. నా చేయి పట్టుకుని కళ్లకద్దుకుని జగిత్యాల బస్సెక్కింది.

అడ్రసు లేకుండా ఎక్కడని వెతుకుతామన్నారట కలెక్టరాఫీసులో.

తమ్ముడు వెళ్లాడు. బాగానే ఉన్నాడు. నర్సయ్య మాత్రం ఇంకో ఏడాదికి గానీ రాలేదు. తోటివాళ్లు తలా ఇంత వేసి టికెట్ కొనిచ్చారట. కాలు ఈడుస్తూ ఆధార్ జిరాక్సుకు నా దగ్గరికే వచ్చాడు. ఇన్నాళ్లు ఎక్కడున్నావన్నా అని అడగకుండా ఉండలేకపోయాను.

"మార్కెట్ ఎనుక రేకుల షెడ్డుల ఏసిండ్రు. పదకొండో రూము. ఎవలన్న అస్తరేమోనని దినాం గా పచ్చగేటు దిక్కే చూస్తుంటి."

కాలు ఎప్పుడు విరిగిందని అడిగాను. చెప్పాడు. దరఖాస్తు ఇచ్చిన నెల తర్వాత.

"దరఖాస్తు నువ్వే కొట్టిచ్చినవట, మా ఇంటిది చెప్పింది. పుణ్యముంటది చెల్లె" అన్నాడు. జిరాక్సు కాగితం ఇచ్చి తల తిప్పుకున్నాను.

నర్సయ్యకు సంతకం తప్ప రాయడం రాదు. ఆ షెడ్డులో కరెంటే సరిగా ఉండేది కాదన్నాడు. మూడో నంబరును బాగుచేసిన ఆయనను కూడా అడిగాను. ఆ సోమవారం అది తన బల్ల మీద విప్పి ఉందని, డిస్కు కూడా బయటే ఉందని చెప్పాడు. ఆ కాగితం ఎట్లా వచ్చిందో, ఎవరు పంపారో ఈ రోజుకీ నాకు అర్థం కాలేదు. నర్సయ్యకు, రాజమణికి దాని సంగతి ఇంతవరకు నేను చెప్పలేదు.

మొన్న రాజమణి రేషన్ కార్డు పని మీద వచ్చింది. వస్తూ వస్తూ నా కోసమని తమ చేనులో కాసిన చిక్కుడుకాయలు ఒక సంచి నిండా తెచ్చింది. తీసుకున్నాను.