పగబట్టిన వెనక ఇరుసు

ఆర్.కె. పురంలో మా పై అంతస్తు క్వార్టరులో ఉండే శేషగిరి గారు చాలా మంచివారు. ఈ మాట ముందే చెప్పిపెడుతున్నాను, ఎందుకంటే చెప్పబోయేది వింటే మీకు అనుమానం రావచ్చు. తెనాలి నుంచి చిన్న ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, పరీక్షలు రాసి రాసి ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరయ్యారు. బ్లాకులో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లేది ఆయనే. అయితే ఆయనను ఎవరైనా ఒక మాటంటే, అది లోపల పెండింగు ఫైలులా ఉండిపోతుంది. ఐ.ఎన్.ఎ. మార్కెట్లో ఒక కొట్టువాడు ముదిరిన మునక్కాయలు అంటగట్టి, అడిగితే నవ్వాడు. ఆ తరువాత చాలాకాలం ఆయన పక్కకొట్లో మునక్కాయలు కొని, సంచీలో పెట్టకుండా కత్తిలా చేత్తో పట్టుకుని, ఆ కొట్టువాడి ముందునుంచే నడిచేవారు. వాడు గమనించాడో లేదో తెలియదు. ఈయనకు మాత్రం ఆ పూట అన్నం బాగా సహించేది.

ఆయనకున్న ఒకే ఒక్క విలాసం పాత జిప్సీ. తేలికపాటి బండి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం వెళుతుంది. దాన్ని తుడిచేటప్పుడు ఆయన ముఖం చూస్తే పెళ్లినాటి ఫొటోలో కూడా అంత వెలుగు లేదనిపిస్తుంది.

పోయిన కార్తీకంలో ఢిల్లీ తెలుగువాళ్లం కొందరం యమున ఒడ్డున ఒక తోటలో వనభోజనాలు పెట్టుకున్నాం. పులిహోర గుండిగ, పప్పు, గుత్తివంకాయ అన్నీ ఆ జిప్సీలోనే ఎక్కించాం. తోట కనుచూపు మేరలో ఉండగా ఇసుక దిబ్బ అంచున బండి ఓరగా ఒరిగి ఆగిపోయింది. ఎంత తొక్కినా ముందొక చక్రం, వెనకొక చక్రం గిర్రున తిరిగాయి. మిగతా రెండూ చూస్తూ ఊరుకున్నాయి. అవతల జనం విస్తళ్లు వేసుకుని కూర్చున్నారు.

అప్పుడొచ్చాడు రఘునందన్. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హైదరాబాదు కుర్రాడు. అతని బండి చూడ్డానికి హిమాలయాలు ఎక్కేలా ఉంటుంది గానీ, బలం ముందు చక్రాలకే. అయినా తెలివిగా గట్టిదారి మీదే నిలబడి, పొడవాటి తాడేసి జిప్సీని బయటికి లాగాడు. అంతటితో ఆగితే ఈ కథ లేదు. ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీస్తూ వ్యాఖ్యానం మొదలుపెట్టాడు.

"ఫ్రెండ్స్, ఇది ఫోర్ వీల్ డ్రైవ్ అంట. డ్రైవ్ మాత్రం నేనే చేస్తున్నా. పులిహోర సేఫ్, అంకుల్ కొంచెం డ్యామేజ్."

ఆ వీడియో మా తెలుగు గ్రూపులన్నీ తిరిగింది. నోయిడా నుంచి ఘజియాబాదు దాకా నవ్వారు. ఆఫీసులో పైఅధికారి ఒకాయన ఫోను చూపించి, "యే ఆప్ హీ హై నా?", ఇది మీరే కదా, అని అడిగాడట. ఇంట్లో కూతురు నేహా చూసి, "పాపా, బట్ ఇట్స్ ఫన్నీ యార్" అంది. ఆ రోజు శేషగిరి గారు మజ్జిగ పోసుకోకుండా లేచిపోయారు.

మరునాడు మా గుమ్మంలో నిలబడి, "వచ్చే కార్తీకానికి వాణ్ణి నేను లాగాలి. తాడేసి, అందరూ చూస్తుండగా" అన్నారు. దేవుడి ముందు దీక్ష పట్టినవాళ్ల గొంతు అలాగే ఉంటుంది.

అక్కడినుంచి ఆయన చదువు మొదలైంది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ సర్దుబాటు చేసేది ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్. రోడ్డు మీద అది దేవత. ఇసుకలో ఒక చక్రం జారిందంటే మాత్రం, బలమంతా ఆ జారే చక్రం తిరగడానికే పోతుంది. నేల దొరికిన చక్రం కదలదు.

"అచ్చం మా సెక్షనే" అన్నారు శేషగిరి గారు. "పట్టున్నవాడు కదలడు, పట్టులేనివాడు గిరగిరా తిరుగుతుంటాడు."

దీనికి విరుగుడు డిఫరెన్షియళ్లు చాలా రకాలున్నాయట. ఏది వేయించాలో తేల్చడానికి ఆదివారం కమిటీ కూర్చుంది. ఆఫీసులో ఫ్యాను కొనాలన్నా కమిటీ వేసే మనిషికి ఇంట్లో మాత్రం మరో పద్ధతి ఎలా వస్తుంది? ఆయన భార్య ఛాయాదేవి గారు ఆర్థిక సభ్యురాలు, నేను సాంకేతిక సభ్యుణ్ణి. నాకు సైకిలు తప్ప ఏ బండీ రాదు గానీ, కోరం కావాలి కదా.

"మొదటిది, జారుడు తగ్గించే రకం" అని మొదలుపెట్టారు. "లోపల పలకలుంటాయి. ఒక చక్రం జారితే బలంలో కొంత రెండోదానికి పంపుతాయి. చప్పుడుండదు, రోడ్డు మీద మర్యాదగా ఉంటుంది. కానీ చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అంతగా పనిచేయదు."

"బాగానే ఉందిగా" అన్నాను.

"ఏం బాగు? చప్పుడు లేకుండా పనిచేస్తే, పనిచేసిందని వాడికెలా తెలుస్తుంది?"

టెండరు నిబంధనలు రాసేటప్పుడు ఎవరో ఒకరి ముఖం మనసులో ఉంటుందని వినడమే గాని, కళ్లారా చూడడం అదే మొదలు.

రెండోది తనంతట తానే రెండు చక్రాలనూ కలిపి బిగించేసే రకం. బలంగా లాగుతుంది. ఊళ్లో మాత్రం మలుపు మలుపుకీ టకటకమంటుంది, ఒక్కోసారి బండిని పక్కకు ఈడుస్తుంది. ఆయన కళ్లు మెరిశాయి.

"ఏవండీ, ఆ బండిలో నేను కూరలకు వెళ్లాలా వద్దా?" అన్నారు ఛాయాదేవి గారు. "సెక్టారు మలుపులో అది టకటకమంటే కాలనీ అంతా కిటికీలు తీస్తారు. మీకు పగ ఏడాదికోసారి, నాకు కూరలు వారానికి రెండుసార్లు."

ఆర్థిక సభ్యురాలి అభ్యంతరం దాటి ఏ ఫైలూ కదలదు. మిగిలింది స్విచ్చుతో బిగించే లాకరు. నొక్కనంతసేపూ మామూలు ఇరుసు, నొక్కగానే వెనక చక్రాలు రెండూ ఒక్కటై తిరుగుతాయి. గట్టినేల మీదికి రాగానే తీసేయాలి, లేకపోతే బండి మలుపు తిరగనని మొండికేస్తుంది.

"స్విచ్చు ఎక్కడుంటుంది?" అన్నాను.

"స్టీరింగు పక్కన. నొక్కితే దీపం వెలుగుతుంది, టక్కుమని వినబడుతుంది." ఆయన చూపుడువేలు గాల్లోనే ఒకసారి నొక్కి చూసుకుంది. తీర్మానం ఏకగ్రీవం.

మాయాపురిలో ఒక వర్క్‌షాపులో దాన్ని బిగించారు. ఛాయాదేవి గారు కూరలకు వెళ్లొచ్చి, "తేడా ఏమీ తెలియడం లేదు" అన్నారు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదు.

ఈ ఏడు వానలకు యమున పొంగి, తోటకు వెళ్లే గట్టిదారి మీద కూడా ఇసుక మేట వేసింది. కార్తీకం వచ్చింది. పోయినసారి అనుభవం దృష్ట్యా వంటలు తన బండిలోనే రావాలని రఘునందన్ గ్రూపులో రాశాడు. శేషగిరి గారు దాని కింద దండం బొమ్మ పెట్టారు. నాకు భయం వేసింది.

మేం ముగ్గురం జిప్సీలో వెళ్లేసరికి పెద్దబండి ముందు చక్రాలు సగం దాకా ఇసుకలో దిగి ఉన్నాయి. రఘునందన్ చేత్తో ఇసుక తోడుతున్నాడు.

"అంకుల్, కరెక్ట్ టైమ్‌కి వచ్చిన్రు. తాడు లోపలే ఉంది."

శేషగిరి గారు నింపాదిగా దిగారు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. నిజానికి తాడు తీస్తే అయిపోయేది. కానీ ఏడాదిపాటు నానిన పగకు మరికాస్త రుచి కావాలనిపించింది.

"అక్కడ జనం ఆకలితో ఉన్నారబ్బాయ్. ముందు వంటలు చేర్చనీ. వడ్డన అయ్యాక వచ్చి లాగుతాను."

"అంకుల్, ఇద్దరం కలిసే పోదాం కదా."

"తొందరేముంది? నీ బండి ఎక్కడికీ పోదు."

గుండిగలు జిప్సీలోకి మారాయి. స్విచ్చు టక్కుమంది, దీపం వెలిగింది, బండి ఇసుకను పెరుగులా కోసుకుంటూ పోయింది. తోటలో అందరూ చప్పట్లు కొట్టారు. శేషగిరి గారు పంక్తిలో కూర్చున్నారు గానీ పులిహోర తినకుండా కెలుకుతూనే ఉన్నారు. అన్నం వేళకు వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. ఎవరిని ఎక్కడ వదిలి తెచ్చారో ఒక్కరూ అడగలేదు. చూసినవాళ్లు లేని పగ ఉప్పులేని పప్పులా ఉందని ఆయన ముఖమే చెబుతోంది.

"ఆ పిల్లాడు తిన్నాడా?" అన్నారు ఛాయాదేవి గారు. "లేవండి."

ఆయన చటుక్కున లేచారు. జాలికి కాదు, తాడుకు. తన ఫోను నా చేతిలో పెట్టి, "మొదటినుంచీ తియ్యాలి, మాటలు కూడా పడాలి" అన్నారు.

మేం ముగ్గురం వెళ్లేసరికి పెద్దబండి రోడ్డు పక్కన శుభ్రంగా నిలబడి ఉంది. ఎవరో రైతు ట్రాక్టరుతో లాగేసి, తాడు చుడుతున్నాడు.

"భయ్యా, యే మేరా కేస్ థా" అన్నారు శేషగిరి గారు, తన ఫైలు ఇంకెవరో లాక్కున్నట్టు. ఆ గొంతు విని ట్రాక్టరాయన క్షమాపణ చెప్పినంత పని చేశాడు.

తరువాత రఘునందన్ వైపు తిరిగి, ఏ సెక్షన్ ఆఫీసరూ అడగని కోరిక కోరారు. "అబ్బాయ్, బండిని ఒక్కసారి మళ్లీ ఇసుకలోకి దింపు. నేను లాగుతాను."

"నేనేమన్నా పిచ్చోడినా అంకుల్? పొద్దుట్నుంచి తిన్లేదు."

నేను ఫోను జేబులో పెట్టేశాను. ట్రాక్టరాయన పొలంగట్టు చూపించి, జిప్సీకి పట్టేంత గట్టిదారి అటు ఉందని, పెద్దబండికి చాలదని చెప్పాడు.

"ఎక్కు నాయనా, అన్నం తిందువుగాని" అన్నారు ఛాయాదేవి గారు.

రఘునందన్ వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. శేషగిరి గారు అద్దంలోంచి అతణ్ణి ఒకసారి చూసుకుని, స్విచ్చు నొక్కారు. జిప్సీ గట్టువైపు తిరగలేదు. నేరుగా దిబ్బల్లో దిగింది. మొదటి దిబ్బకు రఘునందన్ తల పైకప్పుకు తగిలింది. రెండోదానికి అతని ఫోను సీటు కిందికి జారిపోయింది. మూడోదానికి అతను రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు.

"అంకుల్, గట్టిదారి అటు ఉంది కదా."

"తెలుసు" అన్నారు శేషగిరి గారు.