నా పెట్టెలో రెండు అట్టముక్కలు

నా ఇనప పెట్టె అడుగున, పాత లుంగీ మడతలో, నీళ్ల సీసాల డబ్బా నుంచి కోసిన రెండు అట్టముక్కలు ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా వాటిని మోస్తున్నాను. ఇక్కడ సౌదీలోనే నజ్రాన్ నుంచి దమ్మామ్‌కి మారినప్పుడు సగం బట్టలు వదిలేశాను కానీ వాటిని వదల్లేదు. వాటికి బరువేముంటుంది? ఏమీ ఉండదు. అయినా గది మారిన ప్రతిసారీ ఆ పెట్టె ఎత్తలేక ఎత్తుతాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను దేన్నీ మరిచిపోయే మనిషిని కాను. నన్ను ఎవరు ఏమన్నారో, అప్పుడు పక్కన ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఇక్కడి గోడౌన్‌లో నన్ను చూడగానే "వచ్చినాడప్పా కంప్లయింటు" అంటారు. అననీ. న్యాయం అడగడం తప్పా? ఇదిగో, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా మళ్లీ వాదనలోకే దిగుతున్నాను. చెప్పాల్సింది ఇది కాదు.

అప్పట్లో నజ్రాన్ దగ్గర ఒక తోటలో డ్రైవర్‌ని. మా కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబు యజమానికి, ఖర్జూరం తోట, దాని వెనక కొండ వాగు దగ్గర మేకల దొడ్డి ఉండేవి. తోట పనంతా చూసుకునేది మస్తాన్ అన్న. రాయచోటి మనిషి. మేకలు కాసేది జగిత్యాల నుంచి వచ్చిన యాదగిరి. అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. అతని మీద నాకు ఏ కోపమూ లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఒక శుక్రవారం కఫీల్ అతిథులు వచ్చారు. పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం పెట్టి, మమ్మల్ని కూడా చుట్టూ కూర్చోమన్నారు. నేను చెయ్యి పెట్టబోతుంటే మస్తాన్ అన్న పైకి అందరికీ వినబడేట్టు అన్నాడు:

"ఓ డ్రైవర్ సాబ్, నీ చేతులు డీజిల్ వాసన కొడతాండాయి. ఈయనకి వేరే ప్లేట్లో వేయండప్పా, లేకుంటే ఈ కూడుతో బండి నడుస్తాది."

ఆ మాటనే అతను హిందీలో చెప్పాడు, తర్వాత అరబీలో కూడా చెప్పాడు. మూడు భాషల్లో నవ్వారు. నాకు వేరే ప్లేటు వచ్చింది. నేను రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని వచ్చిన చేతులవి.

ఆ చలికాలం దొడ్డి మీదకి తోడేలు రావడం మొదలైంది. కఫీల్ దగ్గర పిట్టల వేటకి లైసెన్సు ఉన్న తుపాకీ ఉండేది. పిట్టల తూటాలో ఆవాల్లాంటి సీసపు రవ్వలుంటాయి. పెద్ద జంతువుని అవి ఆపలేవు. అందుకు స్లగ్ కావాలి. అంటే తూటాలో రవ్వలకి బదులు ఒకే ఒక సీసపు ముద్ద. కఫీల్, మస్తాన్ అన్న, నేను ఊళ్లోని తూటాల కొట్టుకి వెళ్లాం. మస్తాన్ అన్న ఎర్ర డబ్బా తీశాడు. బరువైన ముద్ద, ఎక్కువ మందు. "ఇది తగిలితే ఒంటె కూడా పడుతుంది" అన్నాడు. నాకు పక్కనున్న వెండి రంగు డబ్బా నచ్చింది. అది కొంచెం తేలిక, భుజానికి తన్నే దెబ్బ మెత్తన. కొట్టులోని యెమెనీ ముసలాయన మా ఇద్దరి మాటనీ కొట్టిపారేశాడు. డబ్బా మీది రాతలు చూసి ఎంచుకోకండి, ఒక్కో తుపాకీ గొట్టానికి ఒక్కో తూటా కుదురుతుంది, రెండూ తీసుకెళ్లి అట్ట మీద కాల్చి చూడండి, అన్నాడు. కఫీల్‌కి ఆ మాట నచ్చింది.

ఎండిన వాగులో యాభై గజాల దూరాన అట్టలు నిలబెట్టడం నా పని. ఏ అట్ట ఏ డబ్బాదో గుర్తుకోసం మార్కర్‌తో "ఎర్ర డబ్బా", "వెండి డబ్బా" అని తెలుగులో రాశాను. కుట్రతో రాయలేదు. చేతికి అలవాటైన అక్షరాలు అవే. కఫీల్ బండి బానెట్ మీద మోచెయ్యి ఆనించి ఒక్కోదానికి మూడు తూటాలు కాల్చాడు. నేను వెళ్లి అట్టలు తెచ్చాను.

వెండి డబ్బా అట్టలో మూడు చిల్లులూ నా అరచేతి కింద పట్టాయి. ఎర్ర డబ్బా అట్టలో ఒకటే మధ్యలో ఉంది. ఒకటి అంచున. మూడోది జానెడు ఎడమకి పోయింది.

కఫీల్ నా చేతుల్లోంచి బాగున్న అట్ట లాక్కుని, రాత వంక చూసి, మస్తాన్ అన్న వైపు చాచాడు. అప్పుడు నాకు తెలిసింది. కఫీల్‌కి తెలుగు రాదు. మస్తాన్ అన్న తెలుగు మాట్లాడతాడు కానీ చదువంతా ఉర్దూ బడిలో. యాదగిరి మేకలతో కొండ మీద ఉన్నాడు. ఆ రెండు ముక్కలూ చదవగలిగింది ఆ వాగులో నేనొక్కడినే.

"ఏం రాసినావు డ్రైవర్ సాబ్, కోడి కెలికినట్టు? ఇది ఎవురిది, నాదా నీదా?" అన్నాడు మస్తాన్ అన్న.

"నీదే అన్నా" అన్నాను.

"సూస్తివా మరి! స్టీరింగ్ తిప్పేటోడివి, నీకెందుకప్పా తుపాకుల సంగతి?"

నిజం చెబితే అక్కడే గెలిచేవాణ్ని కదా అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. కానీ అక్కడ చూసేవాళ్లెవరు? కఫీల్ ఒక్కడు. మస్తాన్ అన్న నన్ను పళ్లెం దగ్గర చిన్నబుచ్చింది అతిథుల ముందు. వచ్చే వారం ఆ అతిథులే దొడ్డి దగ్గర గుడారం వేస్తారు. వాళ్ల ముందు మస్తాన్ అన్న గొప్పగా ఎంచిన తూటా గురి తప్పాలి, వాళ్లు నవ్వాలి. నాకు కావలసింది అంతే. అంతేనా? అంతే. తూటా గురి తప్పితే ఎక్కడికో పోతుంది కదా అన్న ఆలోచన నాకు రాలేదు. రానివ్వలేదు అనడం నిజానికి దగ్గర.

మరునాడు మస్తాన్ అన్న వెళ్లి ఇంకో రెండు ఎర్ర డబ్బాలు తెచ్చాడు.

గుడారం వేసిన రెండో రోజు పొద్దున, అందరూ టీ తాగుతుంటే, తోడేలు దొడ్డి కంచె దగ్గరికి వచ్చింది. యాదగిరి దాన్ని బెదరగొట్టడానికి రేకు డబ్బా వాయిస్తూ పరుగెత్తాడు. కఫీల్ తుపాకీ ఎత్తాడు. తోడేలుకి ఎడమపక్క, నాలుగు బారల దూరంలో యాదగిరి ఉన్నాడు. అయినా కఫీల్ కాల్చడానికి కారణం నేను చూపించిన అట్ట. అరచేతంత చోటులో పడే తూటా అనుకున్నాడు. నేను నోరు తెరిచాను. తెరిచానా? తెరిచాననే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. శబ్దం మాత్రం రాలేదు.

ముద్ద తోడేలుకి తగలకుండా ఎడమకి పోయి, దొడ్డి పక్కనున్న నీళ్ల ట్యాంకు ఇనప కాలుకి తగిలి పగిలింది. అందులో ఒక ముక్క యాదగిరి మోకాల్లోకి దిగింది.

బండి నడిపింది నేనే. వెనక సీట్లో అతను నా భుజం పట్టుకుని, "అన్నా, జర మెల్లగ పోనీయే, నాకేం గాలే. మేకలెన్ని ఉన్నయో సూడుమను" అన్నాడు. ప్రాణం దక్కింది. మోకాలు మళ్లీ వంగలేదు. కర్రతో ఇంటికి వెళ్లిపోయాడు.

కఫీల్ మస్తాన్ అన్నని నిలదీశాడు: అట్ట మీద అంత బాగా పడ్డ తూటా ఇలా ఎలా పోతుంది, రెండోసారి నాసిరకం సరుకు తెచ్చావు కదా? కాదని మస్తాన్ అన్న ఖురాన్ మీద ప్రమాణం చేశాడు. అట్టలు తెప్పించండి, మళ్లీ కాల్చి, పక్కన పెట్టి అదే డబ్బా అని చూపిస్తా అన్నాడు. కఫీల్ నన్నడిగాడు. టీ పొయ్యిలో వేసేశాను అన్నాను. అవి అప్పుడు నా పరుపు కింద ఉన్నాయి.

పదకొండేళ్లు పనిచేసిన మనిషికి వారంలో ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, వీసా రద్దుచేసి ఇంటికి పంపేశారు. వెళ్లేముందు అందరి గదులకీ వచ్చి చెయ్యి కలిపాడు. నా చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఆ చేతుల వాసన గురించి ఏమీ అనలేదు.

ఆ తర్వాత తోట పని నాకు అప్పగించారు. శుక్రవారాలు పెద్ద పళ్లెంలోనే తిన్నాను. ఏడాది తిరక్కముందే అక్కడ ఉండలేక వచ్చేశాను.

అట్టల్ని ఎందుకు కాల్చలేదు? ఒక్కోసారి, అవి సాక్ష్యం కాబట్టి అనిపిస్తుంది. ఒక్కోసారి, మస్తాన్ అన్న ఎంపిక తప్పని రుజువు దాచుకున్నానేమో అనిపిస్తుంది. ఇన్ని జరిగాక కూడా ఆ వాగులో నా డబ్బాయే సరైనది అన్న సంగతి నన్ను వదలదు. నేను అలాంటివాణ్ని. పళ్లెం దగ్గరి మాటని ఇప్పటికీ క్షమించలేదు. ఇక నన్ను క్షమించమని ఏ మొహంతో అడగను?

ఇదంతా రాసి మొదటి నుంచి చదువుకున్నాను. గుండెల మీద నుంచి ఏదో కొంచెం జరిగినట్టుంది, ఊపిరి ఆడుతోంది. అప్పుడు గమనించాను. మళ్లీ తెలుగులోనే రాశాను. మస్తాన్ అన్న దీన్ని చదవలేడు. ఆ రోజు లాగే.

కాకపోతే ఆ రోజు చదవగలిగింది నేనొక్కడినే. ఇప్పుడు మీరు కూడా చదివారు.